కండ పెరిగితే సిగ్గెందుకు?

అద్దం ముందు ఆడపిల్ల దిగులు - కొలిచే తక్కెడ కోసం వెతుకులాట

జూబ్లీహిల్స్: హైదరాబాదులో జూబ్లీహిల్స్ వైపు తెల్లవారుజామున వెళ్ళేవారికి ముందుగా కనిపించేది సినిమా తారలు కాదు, నడిచేవాళ్ళు. కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనం చుట్టూ ఉన్న బాటలో ఆడా మగా చెమటలు కారేలా నడుస్తారు, పరిగెడతారు. పెద్ద రోడ్ల పొడవునా మేడల మీద జిమ్ములు. మన పక్క తాలింఖానా అంటామే, అక్కడ దానికి ఆ పేరు. లోపల గోడలకు నిలువుటద్దాలు, అద్దాల ముందు ఇనుప గుండ్లు. ఒకప్పుడు మగవాళ్ళే ఎత్తిన ఆ గుండ్లను ఇవాళ ఆడవాళ్ళూ ఎత్తుతున్నారు.

అక్కడికి కాస్త దూరంలోనే ఫిలింనగర్. తెలుగు ఫిలిం ఛాంబరు ఉన్నది అక్కడే, రామానాయుడు స్టూడియో ఉన్నది అక్కడే. గుట్ట దిగితే కృష్ణానగర్ సందులు. వేషం కోసం, డాన్సు గ్రూపులో చోటు కోసం, డూపుగా ఒక్క అవకాశం కోసం ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు అద్దె గదుల్లో సర్దుకునేది ఇక్కడే. రైతుకు పొలం ఎలాగో, వీళ్ళకు ఒళ్ళు అలాగ. అదే పెట్టుబడి, అదే పంట.

అద్దం ముందు గుండు ఎత్తుతున్న ఆడపిల్లకు ఒకేసారి రెండు భయాలు. లావైపోయానేమో అన్నది ఒకటి. మగరాయుడిలా తయారయ్యానేమో అన్నది రెండోది. మొదటి భయం గురించి అందరికీ తెలుసు. రెండో భయాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. దాన్ని కొలవడానికి సరైన తక్కెడ కూడా చాలాకాలం లేకపోయింది. ఈ సంగతి సినిమావాళ్ళకే పరిమితం కాదు. ఊళ్ళో కబడ్డీ ఆడే పిల్లకూ, పోలీసు కొలువు కోసం తెల్లవారుజామున రోడ్డు మీద పరిగెత్తే పిల్లకూ ఇది సంబంధించినదే.

మగవాడి కండకు స్టేడియం

కండ అంటే మన జిల్లాకు కొత్త కాదు. గొలుసులు తెంపి, గుండె మీద ఏనుగును నిలబెట్టుకుని కలియుగ భీముడనిపించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు పుట్టింది వీరఘట్టంలో. 2022లో జిల్లాలను విడదీశాక ఆ ఊరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది గాని, శ్రీకాకుళం పట్టణంలోని స్టేడియానికి ఆయన పేరే ఉంది. విశాఖ బీచి రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. మగవాడి కండను చూసి ఎవరూ ముక్కున వేలేసుకోలేదు, దండ వేశారు.

ఆడదాని కండ కథ వేరు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట పిల్ల కరణం మల్లేశ్వరి సంగతే చూడవచ్చు. తండ్రి రైల్వే పోలీసు కానిస్టేబులు. అక్కచెల్లెళ్ళూ బరువులెత్తేవారే. చిన్నప్పుడు శిక్షకుడు నీలంశెట్టి అప్పన్న ఆమెను చూసి, ఈ పిల్ల మరీ బక్కగా ఉంది, దీనికి బరువులెందుకు అని వెనక్కి పంపబోయారని ఆమే పలుమార్లు చెప్పుకున్నారు. తల్లి పట్టుబట్టి నిలబెట్టింది. ఆ బక్కపిల్లే 1994లో ఇస్తాంబుల్‌లోనూ, 1995లో చైనాలోని గ్వాంగ్జౌలోనూ 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయింది.

ఆ తరువాత ఆమె పెద్ద బరువు విభాగానికి మారారు. అంతే, బక్కగా ఉందన్న లోకమే ఒళ్ళు పెరిగిందని మొదలుపెట్టింది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కు పంపేముందు ఆమె బరువు మీద పత్రికల్లో విమర్శలు వచ్చాయి. ఆడవాళ్ళ వెయిట్‌లిఫ్టింగును ఒలింపిక్స్‌లో మొదటిసారి చేర్చింది ఆ ఏడాదే. సెప్టెంబరు 19న 69 కిలోల విభాగంలో మల్లేశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కంచు పతకం గెలిచారు. బంగారం గెలిచిన చైనా అమ్మాయి ఎత్తినది 242.5 కిలోలు. అంటే బంగారానికి రెండున్నర కిలోల దూరం. ఒలింపిక్ పతకం తెచ్చిన మొట్టమొదటి భారతీయ మహిళ మన ఊసవానిపేట ఆడపడుచు అయింది.

పదేళ్ళలో ఒకే మనిషి ఒంటికి రెండు తీర్పులు. ముందు బక్కది, తరువాత లావుది. ఆ ఒళ్ళు ఎంత బరువు ఎత్తగలదన్నది మాత్రం సిడ్నీ దాకా చాలామంది అడగలేదు.

2020 జూన్ 1న, మల్లేశ్వరి 45వ పుట్టినరోజున, ఆమె జీవితం మీద సినిమా తీస్తామని తెలుగు పరిశ్రమ నుంచి ప్రకటన వచ్చింది. రచయిత కోన వెంకట్, ఎం.వి.వి. సత్యనారాయణ నిర్మాతలనీ, దర్శకురాలు సంజనా రెడ్డి అనీ చెప్పారు. ఆ ప్రకటన చూసినవారికి సహజంగానే ఒక ప్రశ్న పుట్టింది. ఆ భుజాలు, ఆ తొడలు ఉన్న నాయిక ఫిలింనగర్‌లో ఎక్కడ దొరుకుతుంది?

సావిత్రి కాలం వేరు

సినిమా పరిశ్రమ మద్రాసులో ఉన్నప్పుడు సన్నదనం మీద ఇంత మోజు లేదు. సావిత్రి బొద్దుగా ఉన్నా జనం నీరాజనం పట్టారు. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియో తెరిచారు. 1989లో ఫిలింనగర్‌లో రామానాయుడు స్టూడియో వచ్చింది. పరిశ్రమ మెల్లగా హైదరాబాదు చేరింది.

1990లో 'కర్తవ్యం' వచ్చింది. పోలీసు అధికారిణి వైజయంతిగా విజయశాంతి రౌడీలను చితకబాదితే ఆడవాళ్ళు బండ్లు కట్టుకుని వెళ్ళి చూశారు. ఆమెకు జాతీయ ఉత్తమ నటి అవార్డు దక్కింది. కొట్టగల ఆడదాన్ని జనం ఒప్పుకుంటారని ఆ సినిమా తేల్చింది. అయితే ఆ ఒప్పుకోలు దెబ్బ వరకే, కండ దాకా రాలేదు. 2007లో 'దేశముదురు'లో అల్లు అర్జున్ చొక్కా విప్పి పొట్ట మీద ఆరు పలకలు చూపితే థియేటరులో ఈలలు. నాయిక భుజం మీద ఒక్క కండ పొంగితే ఈల వేసేవారు ఎందరు? ఆమె నుంచి కోరినది సన్నదనం. 'జీరో సైజు' అన్న మాట హిందీ సినిమాల నుంచి 2008 ప్రాంతంలో ఇక్కడికీ దిగుమతి అయింది.

దాని ఖరీదు ఏమిటో 2015లో తెలిసింది. 'నువ్వు నాకు నచ్చావ్' నాయిక ఆర్తీ అగర్వాల్ ఆ ఏడాది జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో కన్నుమూశారు. వయసు 31. అంతకు కొన్ని వారాల ముందే ఆమె ఒంట్లో కొవ్వు తీయించుకునే శస్త్రచికిత్స చేయించుకున్నారని పత్రికలు రాశాయి. మరణానికి అసలు కారణం తేల్చవలసినది వైద్యులు. కాని బాగా నటించగల ఒక మనిషి, ఒళ్ళు తగ్గితే తప్ప వేషం లేదనుకునే పరిస్థితికి ఎందుకు వచ్చిందన్న ప్రశ్న పరిశ్రమను చాలా రోజులు వెంటాడింది.

అదే ఏడాది నవంబరు 27న 'సైజ్ జీరో' విడుదలైంది. దర్శకుడు ప్రకాష్ కోవెలమూడి. ఆ సినిమా కోసం అనుష్క దాదాపు 20 కిలోల బరువు పెరిగారు. నటి కాకముందు ఆమె యోగా టీచరు. ఒంటిని అదుపులో పెట్టడమే వృత్తిగా ఉన్న మనిషి పనిగట్టుకుని లావయ్యారు. సన్నబడిపోవచ్చని ఆశపెట్టే ఒక సెంటరు వల్ల స్నేహితురాలి ఆరోగ్యం పాడైతే, బొద్దుగా ఉన్న నాయిక ఆ మోసం మీద తిరగబడటమే కథ.

2017లో 'గురు' వచ్చింది. పేదవాడలో పెరిగిన బాక్సరు పిల్ల పాత్రకు దర్శకురాలు సుధ కొంగర అందగత్తెను తెచ్చి చేతికి గ్లవ్స్ తొడగలేదు. నిజంగానే కిక్‌బాక్సింగ్ చేసిన రితికా సింగ్‌ను పెట్టారు. పిడికిలి ఎలా బిగించాలో తెలిసిన చెయ్యి తెర మీద తేడాగా కనిపించింది. జనం మెచ్చుకున్నారు.

ఇక సమంత సంగతి. జిమ్‌లో పెద్ద బరువులెత్తే నటిగా ఆమె పేరు అందరికీ తెలుసు. 2022 నవంబరు 11న వచ్చిన 'యశోద'లో ఆమె పోరాట దృశ్యాలు చేశారు. ఆ సినిమాకు చేతికి సెలైను పెట్టుకుని డబ్బింగు చెబుతున్న ఫోటోతో అక్టోబరు 29న ఒక సంగతి బయటపెట్టారు. తనకు మయోసైటిస్ అనే జబ్బు వచ్చిందని. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తే కండరాల మీద పడి వాటిని వాపెక్కించి, నీరసపరచే జబ్బు అది. కండ అంటే చూపుకు అందమా, వికారమా అని లోకం వాదించుకుంటుంటే, కండ లేకపోతే కుర్చీలోంచి లేవడం కూడా కష్టమేనన్న సంగతి ఆ జబ్బు గుర్తుచేసింది.

దిగులును కొలిచేదెలా?

కండను కొలవడం తేలిక. టేపు చుట్టవచ్చు. కాటా మీద నిలబెట్టవచ్చు. చర్మాన్ని పటకారు లాంటి సాధనంతో పట్టి కొవ్వు ఎంతో చెప్పవచ్చు. కాని తన కండ గురించి మనిషి పడే దిగులును ఏ కాటా తూచగలదు?

దీనికి మనస్తత్వ శాస్త్రజ్ఞులు వాడే సాధనం ప్రశ్నపత్రం. అందులో కొన్ని వాక్యాలు ఉంటాయి. ఒక్కో వాక్యం తనకు ఎంతవరకు వర్తిస్తుందో మనిషి గుర్తు పెట్టాలి. గుర్తులను కూడితే మార్కులు వస్తాయి. మార్కులు ఎక్కువైతే దిగులు ఎక్కువన్నమాట.

ఈ పని మగవాళ్ళతో మొదలైంది. 1993లో అమెరికా వైద్యుడు హారిసన్ పోప్, ఆయన సహచరులు 108 మంది మగ బాడీబిల్డర్లను పరీక్షించారు. కండలు తిరిగి ఉన్నా, తాము బక్కగా ఉన్నామని కుమిలిపోయేవారు వాళ్ళలో 9 మంది తేలారు. 1997లో ఈ బాధకు 'మజిల్ డిస్‌మార్ఫియా' అని పేరు పెట్టారు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జబ్బుల పుస్తకంలో దీన్ని చేర్చింది.

2000లో కెనడాకు చెందిన డొనాల్డ్ మెక్రీరీ, డోరిస్ శాస్ ఒక ప్రశ్నపత్రం తయారు చేశారు. 15 వాక్యాలు. ఒక్కోదానికి 'ఎప్పుడూ' నుంచి 'ఎన్నడూ లేదు' దాకా ఆరు మెట్లు. ఇంకా కండ పెంచాలని ఉందా, అందుకోసం ఏమేం తింటున్నారు, ఒక పూట వ్యాయామం తప్పితే బాధ పడతారా అన్నది వాటి సారాంశం. 2004లో టామ్ హిల్డెబ్రాండ్, ఆయన సహచరులు 13 వాక్యాల పత్రం తెచ్చారు. దానిలో మూడు భాగాలు. ఇంకా పెద్దగా కావాలన్న ఆరాటం ఒకటి. ఒళ్ళు ఎవరి కంటా పడకూడదన్న సిగ్గు రెండు. వ్యాయామం కోసం పెళ్ళిళ్ళు, పేరంటాలు, స్నేహాలు వదులుకోవడం మూడు.

మగ కుంచంతో ఆడ కొలత

చిక్కు ఇక్కడే వచ్చింది. ఈ పత్రాల ప్రశ్నలు ఎక్కువగా మగవాడి ఆరాటం చుట్టూ తిరుగుతాయి. మగవాడి కోరిక సూటిగా ఉంటుంది. ఇంకా పెద్ద ఛాతీ, ఇంకా లావు చేతులు. ఆడదాని కోరిక అంత సూటిగా ఉండదు. కండ కావాలి, కాని పొంగి కనిపించకూడదు. బిగువు కావాలి, కాని వెడల్పు వద్దు. కొవ్వు అసలే వద్దు. వరి కొలిచే కుంచంతో చీర కొలవబోతే ఏమవుతుంది? కుంచంలో లోపం లేదు. చీరకు అది పనికిరాదు, అంతే.

ఉదాహరణకు కృష్ణానగర్‌లో ఇద్దరు పిల్లలు ఒకే గదిలో ఉన్నారనుకుందాం. ఒకామె డాన్సరు. రోజూ నాలుగు గంటలు సాధన చేసి, రాత్రి భోజనం మానేసి పడుకుంటుంది. కండ పెరిగితే గ్రూపులోంచి తీసేస్తారని ఆమె భయం. రెండో ఆమె డూపు. దూకాలి, పడాలి, లేవాలి. కండ చాలడం లేదని ఆమె బాధ. 'మీకు ఇంకా పెద్దగా కావాలని ఉందా' అన్న ప్రశ్నకు డాన్సరు పిల్ల లేదంటుంది. సున్నా మార్కులు. కాగితం ప్రకారం ఆమెకు ఏ దిగులూ లేదు. నిజానికి ఆకలితో మాడుతున్నది ఆమే. తప్పు కుంచం వల్ల జరిగే నష్టం ఇదే. బాధ ఉన్న మనిషి లెక్కలోకి రాదు. లెక్కలోకి రాని మనిషికి వైద్యం అందదు.

ఈ లోపాన్ని పరిశోధకులు గుర్తించారు. 2008లో లిండా స్మొలాక్, సారా మర్నెన్ ఆరు వాక్యాల కొలత తెచ్చారు. సన్నగా ఉండాలన్న కోరిక వేరు, కొవ్వు లేకుండా కండ బిగువుగా ఉండాలన్న కోరిక వేరు అని అది విడదీసి చూస్తుంది. 2018లో రేచెల్ రాడ్జర్స్, ఆమె సహచరులు ప్రత్యేకంగా ఆడవాళ్ళ కండ దిగులు కోసమే ఒక కొలత తయారు చేశారు. మగవాళ్ళ కోసం చేసిన పాత పత్రాలు వ్యాయామం చేసే ఆడవాళ్ళకు ఎంతవరకు సరిపోతాయో పరీక్షించి చూసే పని కూడా సాగుతోంది.

'ఒళ్ళు చేసింది' అంటే?

ఈ పత్రాలన్నీ పుట్టింది ఇంగ్లీషులో. తెలుగులోకి తేవాలంటే మాటకు మాట పెడితే కుదరదు. 'కండలు తిరిగిన' అనగానే మనకు మగవాడే కళ్ళ ముందు నిలుస్తాడు. ఆడదానికి ఆ మాట వాడం. ఆమెకు మన మాటలు వేరు. బొద్దుగా ఉంది, పుష్టిగా ఉంది, నిండుగా ఉంది, బక్కచిక్కింది, పీలగా ఉంది.

ఒక్క మాట చాలు తేడా తెలియడానికి. పుట్టింటికి వచ్చిన కూతుర్ని చూసి ఊళ్ళో అమ్మలక్కలు 'కాస్త ఒళ్ళు చేసిందే' అంటే అది దీవెన. అత్తింట తిండికి లోటు లేదని అర్థం. అదే మాట ఫిలింనగర్‌లో నాయికను అంటే వేషం పోయినట్టే. ఒకే మాట, ఒకే భాష, రెండు తీర్పులు. అందుకే ఇలాంటి పత్రాన్ని ఒకరు అనువదించాక, అసలు చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లీషులో పెట్టి సరిచూస్తారు. ఆ తరువాత కొందరి చేత చదివించి, వాళ్ళకు ఏమి అర్థమైందో అడుగుతారు. అప్పుడుగాని ఆ కొలతను నమ్మడానికి లేదు.

ఇంకో సంగతి. నాట్లు వేసే ఆడదానికి, నెత్తిన ఇటుకలు మోసే ఆడదానికి, రెండు బిందెలు చంకన పెట్టుకుని గట్టెక్కే ఆడదానికి కండ లేదని ఎవరనగలరు? మన జిల్లా నుంచి హైదరాబాదు వెళ్ళి మేడల పనుల్లో తట్టలు మోస్తున్న ఆడవాళ్ళు ఎందరో. జూబ్లీహిల్స్‌లో ఒకామె డబ్బు కట్టి ఎత్తే బరువును, పక్క స్థలంలో ఇంకొకామె కూలికి ఎత్తుతుంది. మొదటి ఆమె ఎత్తాక గుడ్లు, పాలు తీసుకుంటుంది. రెండో ఆమెకు గంజి మెతుకులు.

వైద్యులు చెప్పేది

బరువులెత్తితే ఆడది మగవాడిలా అయిపోతుందన్న భయానికి ఆధారం లేదని వైద్యశాస్త్రం చెబుతోంది. మగవాడి కండను పెంచే టెస్టోస్టెరాన్ అనే రసం ఆడవాళ్ళలో పదో వంతు కంటే తక్కువే ఉంటుంది. కనుక మామూలు వ్యాయామంతో ఆడవాళ్ళకు బలం వస్తుంది, బిగువు వస్తుంది. మగవాడి ఆకారం రాదు.

ముప్పై దాటాక మనిషికి కండ మెల్లగా తరగడం మొదలవుతుంది. ముట్లు ఆగాక ఆడవాళ్ళకు ఎముకలు కూడా పలచబడతాయి. బరువు మోసే వ్యాయామం ఆ రెంటికీ అడ్డుకట్ట వేస్తుంది. జారిపడితే తుంటి విరగకుండా కాపాడేది ఈ కండే.

అసలు ప్రమాదం మూడు చోట్ల ఉంది. మొదటిది తిండి తగ్గించి వ్యాయామం పెంచడం. అప్పుడు ముట్లు తప్పుతాయి, ఎముకలు గుల్లబారతాయి, చిన్న దెబ్బకే విరుగుతాయి. 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు దీని మీద హెచ్చరిక చేశారు. రెండోది త్వరగా కండ కోసం స్టెరాయిడ్ సూదులు, బిళ్ళలు వాడటం. ఆడవాళ్ళలో వాటి వల్ల గొంతు బొంగురుపోతుంది, మొహాన వెంట్రుకలు వస్తాయి, ముట్లు గతి తప్పుతాయి. మందు మానినా గొంతు మళ్ళీ మునుపటిలా కాకపోవచ్చు. మూడోది డబ్బాల్లో వచ్చే ప్రొటీన్ పొడులు. కండ పెంచడానికి వాటిని వాడవద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో చెప్పింది.

ఆ సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అంటే 50 కిలోల మనిషికి దాదాపు 42 గ్రాములు. కష్టపడి సాధన చేసే పిల్లకు ఇంకొంచెం ఎక్కువ అవసరం. పప్పు, గుడ్డు, పాలు, చేప, ఉలవలు, వేరుశెనగ గుళ్ళతో ఇది తీరుతుంది. ఒక్క గుడ్డులోనే దాదాపు 6 గ్రాములు ఉంటాయి.

మరో లెక్క కూడా గమనించదగ్గది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58.8 మందికి, తెలంగాణలో 57.6 మందికి రక్తహీనత ఉంది. సగానికి పైగా ఆడవాళ్ళకు రక్తమే చాలని చోట, సన్నబడాలని పూట మానేయడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

ఇంట్లో అడగవలసినవి

హైస్కూలు జట్టులో ఆడే పిల్లలు, సైన్యానికీ పోలీసుకూ తయారయ్యే పిల్లలు ఇప్పుడు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. పరుగు, లాంగ్ జంప్, షాట్ పుట్ అన్నీ నేర్చుకుంటున్నారు. వాళ్ళ చేతిలోని ఫోనులో ఫిలింనగర్ రోజంతా కనిపిస్తూనే ఉంటుంది. కనుక దిగులు ఊరికీ వచ్చింది. పెద్ద ప్రశ్నపత్రాలు లేకపోయినా తల్లి గాని, అక్క గాని, ఆటల టీచరమ్మ గాని గమనించవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి.

పిల్ల సాధన పెరిగాక తిండి పెరిగిందా, తగ్గిందా? ముట్లు నెలనెలా వస్తున్నాయా? చేతులు కనిపించకుండా ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుంటోందా? చేతులు మొరటుబారాయని ఎవరైనా అన్నాక ఆట మానేస్తానంటోందా? జ్వరమున్నా, కాలు నొప్పి ఉన్నా వ్యాయామం ఆపలేకపోతోందా? అద్దం ముందు గంటలు గడుపుతోందా, లేక అద్దం చూడటమే మానేసిందా? ఎవరో ఇచ్చిన పొడి గాని, సూది గాని వాడుతోందా?

ఇవి వైద్య పరీక్ష కావు. వీటిలో రెండు మూడు ఉన్నాయనిపిస్తే తిట్టకుండా, ఎగతాళి చేయకుండా కూర్చోబెట్టుకుని మాట్లాడాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించాలి. మనసు బాధకు 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ సలహాదారులు తెలుగులో మాట్లాడతారు. ఖర్చు లేదు.

అన్నిటికంటే ముందు చేయవలసినది నోరు అదుపులో పెట్టుకోవడం. నిజామాబాదు పిల్ల నిఖత్ జరీన్ బాక్సింగులో దిగినప్పుడు నిక్కర్లు వేసుకుంటుందని చుట్టాలు మాటలన్నారు. కన్ను కమిలి ఇంటికి వస్తే పెళ్ళెలా అవుతుందని తల్లి కంగారు పడింది. తండ్రి వెనకాడలేదు. ఆమె 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత అయింది. మాటలన్న చుట్టాలే ఫోటోలకు వచ్చి నిలబడ్డారని ఆ కుటుంబమే చెప్పుకుంది.

మల్లేశ్వరి తల్లి, నిఖత్ తండ్రి చేసిన పని ఒకటే. పిల్ల ఒళ్ళు ఎలా ఉందని కాదు, దానితో ఏమి చేయగలదని చూశారు. ఆటస్థలంలో ఉపాధ్యాయులు, ఇంట్లో పెద్దలు, తెర మీద కథలు రాసే ఫిలింనగర్ పెద్దలు కూడా ఈ చూపు అలవరచుకోవలసి ఉంది. ఊళ్ళో ఇవాళ సాయంత్రం గుండు విసరడం నేర్చుకుంటున్న పిల్ల ఇంటికి వచ్చేసరికి 'చేతులు చూడు, మగరాయుడిలా' అన్న మాట వినిపించకపోతే, పళ్ళెంలో ఒక గుడ్డు ఎక్కువ కనిపిస్తే, సగం పని అయినట్టే.